పేరు చెప్పని సహోదరి

కిందటి వారం మనం తబిత ఇంటి వీధి గుమ్మం దగ్గర ఆగాం. సువార్తమ్మ చెప్పులైనా విడవకుండా నాలుగు మాటలు అనేసి వెళ్ళిపోయింది, తబిత తలుపు పట్టుకుని నిలబడిపోయింది. గుర్తున్నవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి, లేనివాళ్ళకు కాస్త చెప్పేస్తాను.

తబిత కూతురు దీవెనకూ, సువార్తమ్మ కొడుకు రాజ్‌కుమార్‌కూ పెళ్ళి కుదిరింది. ప్రధానం జరిగింది, ఉంగరాలు వేళ్ళకెక్కాయి. ఇక చర్చిలో మూడు ఆదివారాలు వరసగా పాస్టరు అయ్యగారు పెళ్ళి ప్రకటన చదవాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని సంఘాన్ని అడగాలి. ఆ మొదటి ప్రకటన ఈ ఆదివారమే. దాన్ని చదవవద్దని తాను అయ్యగారికి చెప్పి వస్తున్నానని సువార్తమ్మ అంది. ఎందుకని అడిగితే, "మీ స్త్రీల కూటంలో ప్రార్థన ఎవరి గురించి జరిగిందో ఊరంతా చెప్పుకుంటోంది వదినగారూ. మీరే వినలేదేమో" అని వెళ్ళిపోయింది.

పెనుగొండ రోడ్డు మీదున్న ఆ ఊళ్ళో స్త్రీల సమాజం ప్రతి గురువారం మధ్యాహ్నం ఒకరింట్లో కూడుతుంది. పాటలు, వాక్యం అయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఒకరి మోకాళ్ళ నొప్పి, ఒకరి కొడుకు పరీక్ష, ఒకరి గేదె ఈత. పరువుతో కూడిన సంగతైతే పేరు చెప్పరు. "ఒక సహోదరి" అంటారు, "ఎవరో దేవుడికి తెలుసు" అంటారు. ఎవరని అడగడం మర్యాద కాదు. అందరూ కళ్ళు మూసుకుంటారు. కళ్ళు మూసుకున్నాక బుర్రలు ఎంత చురుగ్గా పని చేస్తాయో అదీ దేవుడికే తెలుసు.

అలాంటి మనవే కొన్నాళ్ళ కిందట దీనమ్మ పెట్టింది. దీనమ్మ బాలికల హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైన పెద్దావిడ, కూటంలో ఆవిడ ప్రార్థన చేస్తే కళ్ళనీళ్ళు తిరగనివాళ్ళుండరు. ఆ రోజు లేచి, ఒక సహోదరి భర్త పొరుగూళ్ళో ఇంకో కాపురం పెట్టాడనీ, ఈ పిచ్చితల్లికి ఆ సంగతే తెలియదనీ, కూతురి పెళ్ళి గుమ్మంలో ఉందనీ, ఆ బిడ్డ పెళ్ళి చెడిపోకుండా చూడమనీ వెక్కి వెక్కి ఏడుస్తూ వేడుకుంది. మర్నాడే కంట్లో శుక్లం తీయించుకోవడానికి రాజమండ్రిలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

ఇక ఊళ్ళో లెక్కలు మొదలయ్యాయి. కూతురి పెళ్ళి గుమ్మంలో ఉన్నది ఎవరికి? తబితకు. మొగుడు పొరుగూళ్ళో ఉద్యోగం చేసేది ఎవరికి? తబితకే. ఐజాక్ భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడి మొదలైందంటే ఐసుకు గిరాకీ పెరుగుతుంది, వారంలో సగం రోజులు అక్కడే పడుకుంటాడు. ఇంతకంటే ఏం కావాలి? కూటంలో అనని పేరు కుళాయి దగ్గర అనేశారు. అది సువార్తమ్మ చెవిన పడింది.

ఇప్పుడు ఈ వారం సంగతి.

ఈ గురువారం కూటం వంతు తబితదే. ఇంకొకరింట్లో పెట్టుకుందామని ఇద్దరు ముగ్గురు మెల్లగా అన్నారు. తబిత ఒప్పుకోలేదు. ఆమె ఎలిమెంటరీ స్కూలు టీచరు, క్లాసులో సుద్దముక్క ఎవరు విసిరారో తేల్చేదాకా పాఠం మొదలెట్టని మనిషి. సగం రోజు సెలవు పెట్టింది, చాపలు పరిచింది, టీకి పాలు ఎక్కువ తెప్పించింది. సువార్తమ్మకు తనే ఫోన్ చేసి, మీరూ రండి, మీ ఎదుటే అడిగి తేల్చుకుంటాను అంది. మొగుడికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పట్టుబడి రోజులు, నిద్రలేక ఛస్తున్న మనిషి, ఈ చెత్తంతా ఆయన చెవిన వెయ్యడం ఎందుకనుకుంది. అనుమానం ఆమె మనసులో అడుగుపెట్టనేలేదు. ఆమెకున్నదల్లా కోపం.

దీనమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కింటి లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని వచ్చింది. లోవలక్ష్మిది వేరే మతం, వేరే గుడి, కానీ గురువారం కూటానికి మాత్రం తప్పదు. టీ కోసమని కొందరంటారు. అంతకంటే, ఆమెకూ దీనమ్మకూ కలిసి టీవీ చూసే స్నేహం. డాక్టరు దీనమ్మను కొన్నాళ్ళు టీవీ చూడొద్దన్నాడు. ఆ శిక్ష ఆవిడకు ఆపరేషన్ కంటే కష్టమైంది. దారి పొడుగునా లోవలక్ష్మిని ఏదో అడుగుతూనే వచ్చింది, గుమ్మంలో పాస్టరుగారి భార్యను చూసి నోరు మూసుకుంది. ఆవిడను ఊరంతా అమ్మగారనే పిలుస్తుంది.

పాటలయ్యాయి. వాక్యం అయింది. మనవులు చెప్పమని అమ్మగారు అనగానే తబిత లేచి నిలబడింది. దీవెన వంటగది గుమ్మంలోకి వచ్చింది. భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఆ పిల్ల ఆ రోజు పనికి వెళ్ళలేదు.

తబిత నేరుగా సంగతికొచ్చింది. దీనమ్మ పెట్టిన మనవి ఎవరి కోసమో చెప్పమంది. అలా అడగకూడదు. కూటం పుట్టినప్పటి నుంచి ఎవరూ అడగలేదు. అమ్మగారు సర్దిచెప్పబోయింది, దేవుడి సన్నిధిలో చెప్పిన మాట దేవుడికే వదిలేద్దామంది.

"దేవుడికి వదిలేస్తే బాగానే ఉండేదండి. ఊరు పట్టుకుంది" అంది తబిత. "చెప్పండి పెద్దమ్మా. ఎవరి కోసం?"

దీనమ్మ తల దించుకుంది. పేరు చెప్పకూడదు కదా అని గొణిగింది. నల్లద్దాల కింద బుగ్గలు కందిపోయాయి. ఎంత అడిగినా అదే మాట. చెప్పలేను, నన్ను అడగొద్దు, నాకు సిగ్గుగా ఉంది. ఆవిడ దాచేకొద్దీ చాపల మీద ఉన్నవాళ్ళ చూపులు ఒకదానితో ఒకటి కలుసుకుని, తబిత మీదికి వెళ్ళి, మళ్ళీ నేల మీదికి దిగాయి. సువార్తమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. ఇంకేం వినాలి అన్నట్టు.

అప్పుడు దీవెన వచ్చి ముసలావిడ ముందు కూర్చుంది.

"మామ్మగారూ, మా నాన్న గురించేనా?"

దీనమ్మ ఉలిక్కిపడి కళ్ళద్దాలు తీసేసింది. తీయకూడదని డాక్టరు చెప్పాడు, అది గుర్తులేదు. ఐజాక్ గురించా, ఆ మహానుభావుడి గురించి నేనెందుకంటానే అంది. ఊళ్ళో ఏమనుకుంటున్నారో, ఆదివారం ప్రకటన ఎందుకు ఆగిందో దీవెన చెబుతుంటే ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టేసుకుంది. తాను రాజమండ్రిలో కంటికి కట్టుతో పడుకున్న రోజుల్లో తన ప్రార్థన ఇంత దూరం నడిచిందని ఆవిడకు తెలియదు. తెలిశాక ఇక సిగ్గు ఎక్కడ నిలుస్తుంది?

"సుమిత్ర కోసమమ్మా" అంది.

ఏ సుమిత్ర అని అమ్మగారు అడిగింది. సంఘంలో ఆ పేరుగల మనిషి లేదు. పక్క సంఘంలోనూ లేదు. దీనమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ పైకప్పు వైపు చూసింది. ఇక తప్పదని లోవలక్ష్మే నోరు విప్పింది.

"రెండో గుమ్మం సుమిత్రండి. సాయంత్రం ఏడున్నరకి వస్తాది కదండి, ఆ సీరియల్లో ఆవిడ."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. ముందు మూలనున్న ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పక్కావిడ భుజాలు కదిలాయి. నవ్వు చాపలన్నీ చుట్టబెట్టేసింది. ఆ రోజు మనవి విని తానెంత ఏడ్చిందో గుర్తొచ్చి అమ్మగారు కూడా నవ్వింది. సీరియల్లో ఆడదాని కోసం సంఘమంతా మోకాళ్ళ మీద పడిందన్నమాట. దీనమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ఆడది ప్రతి సాయంత్రం నా ఇంటికొచ్చి ఏడుస్తుంటే నేను ఎవరితో చెప్పుకోను, అంటూ కళ్ళు తుడుచుకుంది. అది వేషమని ఆవిడకు తెలుసు. తెలిసినా రాత్రి ప్రార్థనలో ఆ పేరు నోటికొచ్చేస్తుంది, ఏం చేస్తుంది?

తబిత నవ్వలేదు, ఏడవలేదు. గోడకు ఆనుకుని నెమ్మదిగా కూర్చుంది. ఇన్నాళ్ళూ గుండె మీదున్న బండ ఇంత తేలికైనదా అని ఆమెకు కోపం కూడా వచ్చింది. దీవెన వెళ్ళి టీ పట్టుకొచ్చింది. గ్లాసులు చేతులు మారాయి, నాలుకలు వదులయ్యాయి.

ఇక చూడండి. ఆ గదిలో రెండో గుమ్మం సీరియల్ చూడని మనిషి లేదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే. ప్రార్థన కూటంలో సీరియల్ మాట ఏం బాగుంటుందని ఎవరికి వారే దాచుకున్నారు. దీనమ్మ చూడలేకపోయిన భాగాల కథ లోవలక్ష్మి మొదలెట్టింది. సుమిత్ర మొగుడు చక్రధర్ రెండో కాపురం బయటపడింది. పీటల మీద పెళ్ళి ఆపేశారు. మగపెళ్ళివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు కూతురు గది తలుపేసుకుంది. అది వింటుంటే దీనమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

అభిప్రాయాలకు కొదవేముంది? అమ్మగారు తాను సీరియళ్ళు చూడననీ, అయ్యగారు వార్తలు పెట్టేలోపు కాస్త కంటపడుతుందనీ చెప్పింది. కంటపడినంతలోనే ఆవిడకు కథంతా తెలుసు. సుమిత్ర క్షమించాలంది. లోవలక్ష్మి ఒప్పుకోలేదు. క్షమిస్తే రేపటికి సీరియల్ అయిపోతుంది, వాళ్ళు క్షమించనివ్వరు, చూస్తూ ఉండండి, చక్రధర్‌కి కవల తమ్ముణ్ణి దింపుతారు అంది. మూలనున్నావిడకు అసలు సీరియళ్ళే గిట్టవు. ఆమె చూసేది పాటల పోటీ. అందులోనూ జడ్జీలు ఎవరు పాడినా కన్నీళ్ళు పెట్టుకుంటున్నారని విసుక్కుంది. ఇంకొకావిడ వంటల ప్రోగ్రాం ఎత్తింది. మొన్న ఒకమ్మాయి చింతచిగురు రొయ్యల్లో కొబ్బరిపాలు పోసిందట. ఈ ఒక్క విషయంలో గదంతా ఒక్కటైంది.

తబితను కూడా అడిగారు. ఆమె గ్లాసు కింద పెట్టింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖం విచ్చుకుంది.

"ఆ రాసేవాడికి కాపురం తెలీదండి" అంది. "అన్నేళ్ళు కలిసున్న మనిషి రెండిళ్ళు నడుపుతుంటే ఆవిడకి తెలీకపోవడం ఏంటి? గుమ్మంలోకి వచ్చి చెప్పులు విడిచే తీరులోనే తెలిసిపోద్ది. సుమిత్ర అంత అమాయకురాలైతే జాలేం పడతాం? నాకైతే విసుగొస్తాది."

అందరూ తలలూపారు. నిజమే, తెలియకుండా ఎలా ఉంటుంది?

సువార్తమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. ప్రకటన ఆపించి వచ్చిన మనిషికి ఇంత తేలిగ్గా నోరు పెగలదు. కానీ సీరియల్ మాటకు ఎంతసేపని ఆగుతుంది? అసలు తప్పు చక్రధర్‌ది కూడా కాదంది. తప్పంతా ఆ మగపెళ్ళివాళ్ళదట. ముఖ్యంగా ఆ అత్తగారిదట. తండ్రి వెధవ పని చేస్తే మధ్యలో పిల్ల ఏం చేసింది, ఏ ముఖం పెట్టుకుని పీటల మీంచి కొడుకుని లేపుకుపోయింది, అలాంటి అత్తల వల్లే మనందరికీ చెడ్డపేరు అని గట్టిగా అంది.

దీవెన ఖాళీ గ్లాసులు తీస్తూ ఆగింది. "అయితే ఆ పెళ్ళి ఆపకుండా ఉండాల్సిందంటారా అత్తయ్యగారూ?"

"ముమ్మాటికీ" అంది సువార్తమ్మ. అన్నాక తానెవరితో ఏమంటోందో తెలిసి ముఖం ఎర్రబడింది. గదిలో అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. ఆవిడ లేచి వచ్చి తబిత పక్కన చాప మీద కూర్చుంది. తొందరపడ్డానండీ వదినగారూ అంది. క్షమించమని నోటితో అనలేదు కానీ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తబిత వదల్లేదు. ఆదివారం ప్రకటన చదివించమని ఇప్పుడే రాజ్‌కుమార్‌తో అయ్యగారికి చెప్పిస్తానని ఫోన్ తీసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. ఆఫీసులో పనిలో ఉన్నాడేమో, చూసుకుని వాడే చేస్తాడులే అంది. దీవెన వంటగదిలోకి వెళ్ళి గ్లాసులు కుళాయి కింద పెట్టి, కుళాయి తిప్పడం మరిచిపోయి, మళ్ళీ గుర్తొచ్చి కడగడం మొదలెట్టింది. ఆ పిల్లకు అప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వీధిలో మోటారుసైకిలు ఆగింది.

ఐజాక్ శనివారం దాకా రాడని తబిత అనుకుంటోంది. ఆయన గుమ్మంలో నిలబడి, ఇంటినిండా కూర్చున్న ఆడవాళ్ళను చూశాడు. అమ్మగారు, దీనమ్మ, సువార్తమ్మ, మధ్యలో తన భార్య. నవ్వులు ఇంకా పూర్తిగా ఆరలేదు, ఆయన మాత్రం అవి వినలేదు. ఆయనకు కనిపించింది తన కోసం కూడిన కూటం. మాసిన చొక్కా, పీక్కుపోయిన ముఖం. రెండు చేతులూ జోడించాడు.

"అందరూ ఇక్కడే ఉన్నారు. మంచిదయిందండి" అన్నాడు. "మన పక్కవీధి చిట్టియ్య ఫోన్ చేశాడు. మీరంతా నా కోసం ప్రార్థన పెట్టారంట. నా పేరు బయటికి రాకుండా చేశారంట. అది విన్నాక నాకు ముద్ద దిగలేదండి."

తబిత నవ్వుతూ లేవబోయింది. అయ్యో, అదేం కాదండీ అని చెప్పబోయింది. ఆయన చెప్పనివ్వలేదు.

"నిన్ను ఇంక మోసం చెయ్యలేను తబితా. భీమవరంలో ఆవిడకీ చెప్పే వచ్చాను. దేవుడే వీళ్ళ చేత అడిగించాడు. మీకందరికీ తెలిసిపోయాక ఇంక నేను దాచేదేముంది?"

గదిలో ఒక్క గాజు కదల్లేదు. లోవలక్ష్మి నోరు తెరిచింది. అయ్యా అది సీరియల్ కోసమండీ అనేదే. దీనమ్మ తడుముకుంటూ ఆమె మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. సుమిత్ర కోసమైతే ఆవిడ దగ్గర కన్నీళ్ళు చాలా ఉన్నాయి, తబిత కోసం ఒక్కటీ రాలేదు. అంత భయమేసింది ఆవిడకు.

తబిత సగం లేచి, గోడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన చెప్పులు గుమ్మం బయట ఎప్పటిలాగే పక్కపక్కన ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. దీవెన ఇంటరు చదివే రోజుల నుంచి అన్నాడు. మోసపోయినందుకు కాదు, తనకు తెలియనందుకు ఆమె సిగ్గుపడింది. ఇందాక అంతమంది ముందు అంత ధీమాగా మాట్లాడిన మాటలు ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆ మర్యాదే ఆమెకు అన్నింటికంటే ఎక్కువ నొప్పి కలిగించింది.

సువార్తమ్మ ఒళ్ళో ఫోన్ మోగింది.

ఆవిడకు చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడుతుంది. అలవాటు కొద్దీ వేలు అదే నొక్కింది. రాజ్‌కుమార్ గొంతు గదంతా వినిపించింది.

"ఏంటమ్మా, ఫోన్ చేశావు? ఆదివారం ప్రకటన సంగతి ఏమైంది? ఇప్పుడే అయ్యగారు ఎదురొచ్చారు, ఏదో ఒకటి తేల్చి చెప్పమంటున్నారు. ఏం చెప్పమంటావ్?"

సువార్తమ్మ ఫోన్ ఒళ్ళోకి దించుకుంది. ఆవిడ ఐజాక్ వైపు చూసింది, తబిత వైపు చూసింది. తడి చేతులతో వంటగది గుమ్మంలోకి వచ్చిన దీవెన వైపు మాత్రం చూడలేకపోయింది. చాపల మీదున్న ప్రతి ఆడమనిషీ ఇప్పుడు ఆవిడ ముఖం మీదే కళ్ళు పెట్టింది.

దీవెన ఆ గుమ్మంలోనే నిలబడిపోలేదు. తండ్రిని దాటుకుని, తల్లిని దాటుకుని వచ్చి సువార్తమ్మ ముందు చెయ్యి చాపింది.

"ఫోన్ ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ. ఆయనకి ఏం చెప్పాలో నేను చెప్తాను."

సువార్తమ్మ ఫోన్ వదల్లేదు.